పగిలింది గింజ కాదు

పన్నెండో భాగం

రేగడిపల్లె వడ్లు కొనే సెంటర్‌లో నిన్న జరిగింది ఊరందరికీ ఒక తీరుగా తెలుసు. రాజక్కకు ఇంకో తీరుగా తెలుసు.

ఊరికి తెలిసింది ఇది. కైలాసం కుప్ప మీద తేమ మిషన్ పందొమ్మిది చూపించింది. పదిహేడు దాటితే తూకానికి కాంటా పెట్టరు. పడమటి దిక్కు చెడగొట్టు వాన మబ్బు పట్టింది. పది రోజులుగా వడ్లను టార్పాలిన్ పర్దాల మీద పరిచి, మబ్బు కనబడ్డప్పుడల్లా ఎత్తి, మళ్లీ పరిచి నడుము విరగ్గొట్టుకున్న కైలాసం అక్కడే చతికిలబడ్డాడు. అప్పుడు మహిళా సంఘం పెద్ద రాజక్క కుప్పలోకి చెయ్యి జొనిపి ఒక్క గింజ తీసింది. పొట్టు ఒలిచి కుడి దవడ కింద పెట్టి కొరికింది. టక్కుమని చప్పుడు. చుట్టూ నిలబడ్డ ఇరవై మందికీ వినబడింది. "ఎండినయ్! మిషన్‌కు ఎండదెబ్బ తాకింది, రాజక్క పన్నుకు తాకలే!" అని ఎవరో అరిచారు. చప్పట్లు కొట్టారు. సెంటర్ వాళ్లు కాంటా పెట్టారు, సాయంత్రానికి మూడు వందల బస్తాలు లారీ ఎక్కాయి.

రాజక్కకు తెలిసింది వేరు. ఆ చప్పుడు గింజది కాదు. ఆమె పన్నుది.

నాలుక మీద పదునుగా తగిలిన పెచ్చును ఎవరూ చూడకుండా చేతిలోకి ఉమ్మి, కొంగున ముడి వేసుకుంది. చప్పట్లు కొడుతున్న జనం ముందు నోరు విప్పలేకపోయింది. తెల్లారి ఆ ముడితోనే కోడలు స్వరూపను వెంటబెట్టుకొని సుల్తానాబాద్ బస్సెక్కింది.

*

డాక్టర్ కైనాత్ దవాఖాన బస్టాండు పక్క మేడ మీద ఉంటుంది. ముప్పై ఏళ్ల పిల్ల. మాట మెత్తన, చూపు గట్టి.

"నోరు తెరువు పెద్దమ్మా."

రాజక్క తెరవలేదు. ముందు కొంగు ముడి విప్పింది. మక్కగింజలో సగమంత తెల్లటి పెచ్చును అరచేతిలో పెట్టి చూపించింది.

"గిదైతే పారెయ్యలే బిడ్డా. అతికిస్తే అతుకుతది కద?"

కైనాత్ ఆ పెచ్చును చూసింది. పాత చీటీ తీసి తేదీ చూసింది.

"దసరాకు ముందు వచ్చినవ్. దవడ పట్టుకొని ఏడ్చుకుంట వచ్చినవ్. రూట్ కెనాల్ చేసిన. పోయేటప్పుడు నీకు ఏం చెప్పిన?"

"నొప్పి పోతదని చెప్పినవ్. పోయింది. నీ చెయ్యి సల్లగుండ."

"ఇంకేం చెప్పిన?"

రాజక్క పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను చూసింది.

"పదిహేను రోజులల్ల వచ్చి క్యాప్ వేయించుకోమని చెప్పిండ్రు మేడం," గుమ్మం దగ్గర నిలబడ్డ స్వరూప అందుకుంది. "నేను గుర్తు చేసిన. మంచిగున్న పన్నుకు దవాఖానేంది, నీకు బజారుకు పోబుద్ధయితే గట్లనే చెప్పు అని నా మీదికే లేచింది."

"నువ్వు జర ఊకో పిల్లా."

"ఊకోను అత్తమ్మా. నిన్న అటుకులు నానబెట్టుకొని తిన్నవ్. ఎడమ దిక్కు దవడ పండ్లన్నీ ఎన్నడో పీకించుకున్నవ్. ఇగ గీ కుడిదిక్కుది పోతే జావ తాగి బతుకుతవా?"

అసలు గుబులు అదే. రాజక్కకు మిగిలిన దవడ పండ్ల జత అదొక్కటే, కింద ఒకటి, దానికి ఎదురుగా పైన ఒకటి. అన్నం దానితోనే. కూర ముక్క దానితోనే. ఊరి వడ్లు తడివో పొడివో చెప్పడమూ దానితోనే.

కైనాత్ చీటీ పక్కన పెట్టింది. స్టూలు దగ్గరికి లాక్కొని కూర్చుంది.

"పెద్దమ్మా, మీ ఇంట్ల రోకలి ఉన్నదా?"

"లేకేంది. మా అత్త నాటిది."

"దాని కొసకు ఏముంటది?"

"పొన్ను ఉంటది. ఇనుపది."

"ఎందుకు?"

"ఎందుకంటే? కర్ర పగులకుంట. పొన్ను ఊడిన రోకలితోటి నాలుగు పోట్లు వేస్తే మూతి చీలిపోతది."

"మరి గదే కద నేను చెప్పింది. పుచ్చిందంత గీకి, లోపలి నరం తీసినంక నీ పన్ను నడుమ డొల్ల అయ్యింది. సిమెంటు నింపిన. గని చుట్టూ మిగిలింది పలుచటి గోడలే. ముందటి పన్నయితే ఒక్కొక్కసారి నడుస్తది, దాని మీద బరువు పడది. దవడ పన్ను అట్ల కాదు. నమిలినప్పుడల్ల పోటు పడుడే. అందుకే గా గోడలన్ని కలిపి పట్టేటట్టు పైనుంచి తొడుగు వెయ్యాలె. నువ్వు పొన్ను లేని రోకలితోటి సీజన్ అంత దంచినవ్. రోజుకు ఎన్ని గింజలు కొరుకుతవ్?"

రాజక్క వేళ్లు మడిచింది. "కుప్పకు ఐదు. కుప్పలేమో పది, పన్నెండు..."

"యా అల్లా!" కైనాత్‌కు నవ్వాగలేదు.

"మరి పగిలితే నొప్పి లేవాలె కద డాక్టరమ్మా? ఇసుమంత నొప్పి లేదు. గందుకే పెచ్చు ఊడిందేమో గంతే అనుకున్న."

"నొప్పి చెప్పే నరాన్ని నేనే తీసేసిన కద. ఇగ గా పన్నుకు ఏ కష్టమొచ్చినా చెప్పుకోనీకి నోరు లేదు."

ఆ మాట రాజక్కకు పన్నులో కాదు, ఇంకెక్కడో తగిలింది. నిన్న కుప్ప దగ్గర తన నోరు మాత్రం ఏపాటి పలికింది? ఆమె నోరు తెరిచింది.

ఎక్స్‌రే తీశారు. కంప్యూటర్ తెర మీద పన్ను నల్లగా తెల్లగా, మోడువారిన చెట్టులా నిలబడింది. కైనాత్ దాని దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. సన్నటి సూదిలాంటి దానితో చిగురు అంచు వెంట తడిమింది. మళ్లీ తెర చూసింది. స్వరూప కూడా వంగింది, ఏమీ అర్థం కాకపోయినా.

"మేడం, ఉంటదా పోతదా? ఒక్క మాట చెప్పుండ్రి."

"పగులు వేరుదాక దిగితే పీకుడే. నేనేం చెయ్యలేను, ఎవలేం చెయ్యలేరు." కైనాత్ వెనక్కి జరిగి కూర్చుంది. "గని దిగలే. ఒక మూల పెచ్చు ఊడింది, చిగురుకు పైననే ఆగింది. ఇంకొక్క గింజ కొరికితే నిలువునా చీలేది. ఇయ్యాల రావుడు మంచిదైంది పెద్దమ్మా. నీ పన్ను ఉంటది."

రాజక్క డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుంది. గ్లౌజులు జారుతున్నా వదల్లేదు. ఏమనాలో తెలియక "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అంది. ఆ వెంటనే, "గని గా పెచ్చు అతుకదా?" అంది.

"అతుకది. దాచిపెట్టుకో. సిమెంటు మంచిదే పెడత."

చిగురుకు మత్తు సూది ఇచ్చి, అది ఎక్కేదాకా కైనాత్ స్వరూప వైపు తిరిగింది. స్వరూప చూపుడు వేలుకు బట్ట చుట్టి ఉంది.

"వేలుకేమైంది?"

"దబ్బనం దిగింది మేడం. నిన్న కైలాసం మామ బస్తాల మూతులు నేనూ జమునక్కా కుట్టినం. నడుమల తెల్ల సుతిలి అయిపోయింది. లారీ నిలబడ్డది. ఇంటికి ఉరికి నా ఎర్ర నైలాన్ దారం కండె తెచ్చిన. మూడు వందల మూతులు, కుట్టినయ్ విప్పి మళ్ల అన్నీ ఒకే తీరుగ ఎర్రదారంతోటి కుట్టినం. చేతులు కోసుకపోయినయ్."

"విప్పి మళ్ల ఎందుకు?"

"సగం తెల్లగ, సగం ఎర్రగ ఉంటే మంచిగుంటదా మేడం?"

మత్తెక్కుతున్న మూతితో రాజక్క గొణిగింది. "గిదీ మా కోడలు. మబ్బు నెత్తి మీదికొచ్చినా సింగారం తప్పది."

"మేడం, వచ్చిన పనిల పని, నాకు కూడ ఒక క్యాప్ వేస్తరా? నాకొక పన్ను నల్లగైంది." స్వరూప అప్పుడే పక్క కుర్చీ ఎక్కి కూర్చుంది.

కైనాత్ అద్దం పెట్టి చూసింది. "నీకెందుకు? చిన్న పుచ్చు. గీకి నింపితే సరిపోతది. క్యాప్ వెయ్యాలంటే పన్నును చుట్టూ అరగదియ్యాలె. ఒకసారి అరగదీస్తే మళ్ల రాదు. పెద్దగ పుచ్చి గోడలే మిగిలినోళ్లకు, పగులు పట్టినోళ్లకు, పండ్లు కొరికి కొరికి అరిగిపోయినోళ్లకు, మీ అత్తమ్మ లెక్క నరం తీసిన దవడ పన్నోళ్లకు అయితే అవసరం. మంచి పన్నుకు తొడుగేంది?"

"విన్నవా?" అన్నది రాజక్క. ఆ మాట 'విన్నఫా' అని వచ్చింది. స్వరూప నోరు మూసుకొని నవ్వింది.

తర్వాత గంటసేపు మిషన్ గుయ్యిమంది. విరిగిన మూల నింపి పన్నుకు మళ్లీ ఆకారం తెచ్చింది కైనాత్. తొడుగు పట్టేంత చోటు కోసం చుట్టూ, పైనా అరగదీసింది. రొట్టెపిండి ముద్దలాంటిది రేకులో పెట్టి కరిపించి అచ్చు తీసింది. ఆ అచ్చు కరీంనగర్ పోతుంది. అక్కడి ల్యాబులో అసలు తొడుగు తయారై రావడానికి వారం. అప్పటిదాకా పన్ను ఊరికే ఉండకూడదని తాత్కాలికంగా ఒక క్యాప్ అతికించింది.

"ఇది వట్టి తడకే, గోడ కాదు. వారం దాక కుడిదిక్కు నమలకు. అసలుది వచ్చినంక అన్నం తిను, రొట్టె తిను, బొక్క చీకు. రోజూ అంచుకాడ తోముకో, క్యాప్ ఉన్నది కద అని ఇడిసిపెట్టకు, అంచు కింద పుచ్చుతది. అన్నీ చెయ్యి. గింజ మాత్రం కొరకకు. తడి చూసుడు బంద్."

రాజక్క తలూపింది. ఊపేటప్పుడు ఆమె కంట్లోంచి ఒక చుక్క జారింది. మత్తు ఎక్కిన బుగ్గ మీద అది జారినట్టు ఆమెకు తెలియలేదు.

*

బయట గదిలో బెంచీ మీద కూర్చున్నారు. చీటీ రాసేదాకా ఆగాలి.

మెట్ల మీద అడుగుల చప్పుడు. తెల్లని గడ్డం, నీరుకావి రంగు లుంగీ, చేతిలో పది కిలోల బియ్యం సంచితో ఒక ముసలాయన ఆయాసపడుతూ వచ్చాడు. బల్ల మీద సంచి పెట్టాడు. మూతి విప్పి గుప్పెడు బియ్యం తీసుకున్నాడు. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి సన్నని ధారగా వదులుతూ, తల ఎడమకు వంచి, ఒక కన్ను మూసి విన్నాడు.

రాజక్క లేచి నిలబడింది.

ఆ తల వంచడం, ఆ కన్ను మూయడం ఆమె ముప్పై ఏళ్ల కింద చూసింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. భర్త బుచ్చిరాములు మోకాలు విరిగి మంచంలో ఉన్నాడు. బండి మీద వడ్లు వేసుకొని ఒంటిగా మార్కెట్‌కు వచ్చింది. సేటు కుప్పను చూడనైనా చూడకుండా "పచ్చి" అన్నాడు. బస్తాకు ఇంత తరుగు తీస్తానన్నాడు. ఆమె దిక్కులు చూసింది. సేటు లోపలికి పోగానే ఆయన దగ్గర గింజలు చూసే మనిషి దగ్గరికొచ్చి, గుట్టుగా ఒక గింజ ఆమె చేతిలో పెట్టాడు. "కొరుకు బేటీ. ఇను. పచ్చిది మెత్తగ నలుగుతది. ఎండిన గింజ మాట్లాడుతది." ఆమె కొరికింది. గింజ మాట్లాడింది. సేటు తిరిగి వచ్చాక ఆమె కూడా మాట్లాడింది. ఆ రోజు ఆమె తరుగు లేకుండా అమ్ముకొని పోయింది.

"ఫజలు భాయ్ సాబ్!" మత్తు మూతితో ఆ పేరు సగమే పలికింది.

ముసలాయన తిరిగి చూశాడు. గుర్తు పట్టలేదు.

"రేగడిపల్లె. కోడెల బండి. ఒక్కదాన్నే వచ్చిన. మీరు నా చేతుల గింజ పెట్టిండ్రు."

ఫజలుద్దీన్ కళ్లు చిన్నవయ్యాయి, పెద్దవయ్యాయి. లాల్చీ జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. దాంట్లో పండ్ల సెట్టు. నోట్లో పెట్టుకొని సర్దుకున్నాడు. "గిది పెట్టుకుంటేనే నా మాట సాఫ్ వస్తది. ఇగ చెప్పు. రేగడిపల్లెల గింజ కొరికి తడి చెప్పే ఆమె ఒకామె ఉన్నదని ఇంటుంటి. గది నువ్వేనా చెల్లె?"

"నేనే. మూడేండ్లు పంటపంటకు కొత్త బియ్యం మూట కట్టుకొని మార్కెట్లకు వచ్చిన, మీకు ఇద్దామని. మీరు లేరన్నరు. యాడికి పోయిండ్రో ఎవలూ చెప్పలే."

"పండ్లు ఊడినంక సేటుకు నాతోటి ఏం పని? పాతికేండ్లు గింజలు కొరికిన. ఒక్కొక్కటి పగిలింది, అరిగింది, కదిలింది. గప్పుడు క్యాప్ అనేటిదొకటి ఉంటదని చెప్పినోడు లేడు. పీకించుకునుడే. కరీంనగర్ పెద్దకొడుకు కాడికి పోయిన. మొన్న రంజాన్‌కే వచ్చిన బిడ్డ కాడికి."

గుమ్మంలో కైనాత్ నిలబడి ఉంది. "మా అబ్బా," అంది రాజక్కతో. "చిన్నప్పుడు రొట్టెను చాయల నానబెట్టి ఈయనకు తినిపిచ్చేది నేనే. అందుకే గీ చదువు చదివిన."

రాజక్క ఆమెను చూసింది, ఆయనను చూసింది. తండ్రి తనకు పన్నుతో బతకడం నేర్పాడు. బిడ్డ ఆ పన్నును నిలబెట్టింది. వంగి ఆయన కాళ్లు మొక్కబోతే ఫజలుద్దీన్ వెనక్కి దుంకాడు.

"అరే! గిదేంది చెల్లె! షుక్రియా నేను చెప్పాలె. నా పండ్లు ఊడినయ్ గని నా పని ఊడలే. ఇన్నేండ్లు నీ నోట్ల బతికున్నది."

ఆ మాట వినగానే రాజక్కకు ఏడుపు ఆగలేదు. అది ఆనందంతో వచ్చిన ఏడుపని స్వరూప అనుకుంది.

"లేదు భాయ్ సాబ్. నిన్న నేను మీ పనికి మచ్చ తెచ్చిన." రాజక్క బెంచీ మీద కూలబడింది. మొద్దుబారిన మూతితో, ఒక్కొక్క మాటా సర్దుకుంటూ చెప్పింది. టక్కుమన్న చప్పుడు, జనం చప్పట్లు, లారీ ఎక్కిన మూడు వందల బస్తాలు. "గా చప్పుడు గింజది కాదు. నా పన్నుది. గింజ తడిదో పొడిదో నాకు తెల్వది. తెల్వకనే ఊకున్న. ఇంతమంది ముందట గింజ కాదు, పన్ను పగిలిందని ఎట్ల చెప్పుదు?"

స్వరూప నోరు తెరిచి అత్తను చూసింది. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమెకు మాట దొరకనిది అదే మొదలు.

"గింజ ఏమన్నది?" అడిగాడు ఫజలుద్దీన్.

"వినలే. పన్ను ఒర్రుడే విన్న."

సరిగ్గా అప్పుడే స్వరూప ఫోను మోగింది. కైలాసం. స్పీకరు పెట్టకున్నా గదంతా వినబడేలా మాట్లాడే మనిషి.

"స్వరూపా, మీ అత్త యాడున్నది? లారీ ఇయ్యాల పొద్దుగాల మిల్లుకు వచ్చింది, గేటుకాడనే ఆపిండ్రు! వడ్లు పచ్చిగున్నయ్, వాపస్ తీసుకపోమంటుండ్రు. రాజక్క కొరికి చెప్పిందని నేనంటే నవ్వుతుండ్రు. ఆమెను రమ్మను, గీళ్ల ముందట ఒక్కసారి కొరికి చూపియ్యుమను!"

"కొరికేది లేదు!" కైనాత్ గట్టిగా అంది.

రాజక్క లేచి కొంగు దోపుకుంది. "కొరుకను బిడ్డా. గని పోవాలె. చెప్పాల్సింది చెప్పాలె."

ఫజలుద్దీన్ చేతికర్ర అందుకున్నాడు. "ఆగు చెల్లె. నేనొస్త. నేను నీకు గప్పుడు సగమే నేర్పిన. నాకే గంతే తెలుసు గప్పుడు. మిగిలిన సగం పండ్లు ఊడినంక నేర్చుకున్న."

*

మిల్లు ఊరి బయటే. ఆటోలో పావుగంట.

గేటు బయట లారీ. తోక దిక్కు నుంచి దించిన ఐదారు బస్తాలు కింద పడి ఉన్నాయి. వాటిలో రెండింటి మూతులు కోసి ఉన్నాయి. చేతిలో తేమ మిషన్‌తో మిల్లు మనిషి విజయేందర్ నిలబడ్డాడు. కైలాసం తువ్వాలతో మొహం తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. అప్పటికే గింజ ఒలిచి పట్టుకున్నాడు.

"అగో, వచ్చింది మా రాజక్క! కొరుకు అక్కా. గీళ్లకు వినిపియ్యి."

రాజక్క ఆ గింజ తీసుకుంది. కొరకలేదు. అరచేతిలో పెట్టుకొని నిలబడింది. చుట్టూ హమాలీలు, డ్రైవర్లు, నాలుగు ఊళ్ల రైతులు.

"కైలాసం, నిన్న పగిలింది గింజ కాదు. నా పన్ను. చప్పుడు దానిదే. నేను తెల్వక చెప్పిన. తెలిసినట్టు చెప్పిన. తప్పు నాది."

కైలాసం తువ్వాల జారింది. విజయేందర్ నవ్వబోయి ఎందుకో ఆగిపోయాడు. మత్తు దిగుతూ ఉంటే రాజక్కకు బుగ్గ చురుక్కుమంది. ఇన్ని ఊళ్ల ముందు తన పేరు పోయింది. అయినా నిన్నటి నుంచి గొంతుకు అడ్డంపడ్డది కిందికి దిగినట్టయింది.

"పచ్చివే అయితే," కైలాసం తువ్వాల ఎత్తుకున్నాడు, "నువ్వు చెప్పకపోయినా పచ్చివే కద అక్కా. నీదేం తప్పు?" అంటూనే లారీ చక్రానికి ఆనుకొని కూలబడ్డాడు.

"పచ్చివో కావో ఇంకా ఎవలు చూసిండ్రు?" ఫజలుద్దీన్ కర్ర ఊతంగా ముందుకొచ్చాడు. "చెల్లె, చెయ్యి పెట్టు. కోసిన బస్తాల, చంక దాక. తడి వడ్లు సంచిల కట్టేస్తే లోపల్లోపల ఉడుకుతయ్. పన్ను ఒక్క గింజనే అడుగుతది. చెయ్యి బస్తానంత అడుగుతది."

రాజక్క పైట బిగించి చెయ్యి జొనిపింది. మోచేయి దాటింది. లోపల వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన పిల్ల ఒంటిలా. ఆమె మొహం పాలిపోయింది. ఇప్పుడు మాత్రం దాచలేదు.

"ఉడుకుతున్నయ్."

విజయేందర్ మిషన్ జేబులో పెట్టుకున్నాడు. "ఇగ చాలు కద తాతా?"

"చాలదు. లోపలి వరుసలది ఒకటి దించు. ఇంజను దిక్కుది."

హమాలీలు గొణుక్కుంటూనే దించారు. మూతి కోశారు. రాజక్క చెయ్యి పెట్టింది. ఆగింది. ఇంకా లోతుకు పెట్టింది.

"భాయ్ సాబ్, సల్లగున్నయ్. కుండల నీళ్ల లెక్క."

"ఇంకోటి."

అదీ చల్లగానే ఉంది. ఫజలుద్దీన్ గుప్పెడు వడ్లు తీసి ఆమె దోసిట్లోకి ధారగా వదిలాడు. గలగలమన్నాయి. వేడి బస్తాలోవి వదిలాడు. మొద్దుగా, ముద్దముద్దగా పడ్డాయి. రాజక్క తల ఎడమకు వంచి విన్నది, ఒక కన్ను మూసుకొని.

"ఒక్క కుప్ప వడ్లు రెండు తీర్లు మాట్లాడవు," అంది మెల్లగా.

విజయేందర్ తనంతట తానే చల్లటి బస్తాలో మిషన్ పెట్టాడు. పదహారున్నర. మళ్లీ పెట్టాడు. పదహారున్నర. కైలాసం లేచి నిలబడ్డాడు.

అంటే నిన్న గింజ మాట్లాడే ఉంటుంది. ఆమెకే వినబడలేదు. రాజక్క నాలుకతో కొత్త క్యాప్‌ను తడుముకుంది. డాక్టరమ్మను తలుచుకుంది. పక్కనున్న ముసలాయన కర్ర మీద చెయ్యి వేసి పట్టుకుంది.

స్వరూప అప్పటికే బస్తాల మధ్య వంగి తిరుగుతోంది. చల్లటి వాటి మూతులు చూసింది. వేడి వాటి మూతులు చూసింది. ఇంకా కోయని వాటిని ఒక్కొక్కటే తిప్పి చూసింది. బట్ట చుట్టిన వేలుతో ఒక కుట్టును పట్టి లాగింది. లేచినప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు.

"అత్తమ్మా. సల్లగున్నయన్నీ ఎర్రదారం. ఉడుకుతున్నయన్నీ సుతిలి. గీ మూతులు నేను కుట్టినయ్ కావు. జమునక్క కుట్టినయ్ కావు. గివి మన బస్తాలే కావు."

హమాలీలు మొహమొహాలు చూసుకున్నారు. విజయేందర్ దగ్గరికొచ్చి సుతిలి కుట్టును వేలితో తడిమాడు.

ఫజలుద్దీన్ పండ్ల సెట్టు సర్దుకున్నాడు. "రేగడిపల్లె నుంచి గీడికి ఎంత దూరం కైలాసం?"

"ఎంతెక్కడిది భాయ్ సాబ్. అర్ధగంట."

"నిన్న పొద్దుగూకంగ ఎక్కిన లారీ ఇయ్యాల పొద్దుగాల దాక యాడున్నది మరి?"

అందరి తలలూ ఒక్కసారే లారీ ముందువైపు తిరిగాయి. డ్రైవర్ దిక్కు తలుపు బార్లా తెరిచి ఉంది. సీటు మీద సగం తాగిన చాయ గ్లాసు ఇంకా పొగలు కక్కుతోంది. మనిషి లేడు.